ముద్ర లేని కాటాతో మోత కొలిచేదెలా?

ధ్వని మీటరును సరిచూసిన లెక్క లేకుంటే ఫిర్యాదుకు బలం ఉండదు
అర డెసిబెల్‌కు మించి జరిగితే అప్పటి కొలతలన్నీ పక్కన పెట్టాల్సిందే

ఇబ్రహీంపట్నం: పెళ్లి ముహూర్తాలు మొదలైతే సాగర్ రహదారి వెంట ఫంక్షన్ హాళ్లలో డీజేల హోరు. వినాయక చవితి వస్తే నిమజ్జనం ఊరేగింపుల మోత. ఏడాది పొడవునా కంకర టిప్పర్ల రొద, హారన్ల గోల. విసిగి వేసారిన వారు ఎవరైనా ఫిర్యాదు చేస్తే వ్యవహారమంతా చివరికి ఒక్క అంకె దగ్గర ఆగుతుంది. ఆ అంకెను చెప్పేది అరచేతిలో ఇమిడే ధ్వని మీటరు. వివాదం కోర్టుకు చేరితే అవతలి పక్షం వేయగల తొలి ప్రశ్న కూడా దాని గురించే. ఈ యంత్రం నిజమే చెబుతోందనడానికి ఆధారం ఏమిటి?

కిరాణా దుకాణంలో కాటా మీద తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడటం జనానికి తెలిసిన సంగతే. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ఆ ముద్ర పడాలి. లేకుంటే వ్యాపారికి జరిమానా తప్పదు. ధ్వని మీటరు విషయంలో ముద్ర స్థానంలో ఉండేది రెండు కాగితాలు. ఒకటి ప్రయోగశాల ఇచ్చే క్యాలిబ్రేషన్ ధ్రువపత్రం. రెండోది కొలిచిన ప్రతిసారీ అక్కడికక్కడ సరిచూసి రాసుకున్న చిట్టా. మొదటిదాన్ని ఫైలులో భద్రపరుస్తారు. రెండోది రాయకపోయినా అప్పటికప్పుడు ఎవరికీ తెలియదు. చిక్కంతా అక్కడే వస్తుంది.

చట్టం చెప్పే అంకెలు

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2000 ఫిబ్రవరి 14న జారీ చేసింది. వాటి ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. వాణిజ్య ప్రాంతాల్లో 65, 55. పారిశ్రామిక ప్రాంతాల్లో 75, 70. నిశ్శబ్ద మండలాలుగా ప్రకటించిన చోట్ల 50, 40. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. 2005 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు లౌడ్‌స్పీకర్లకు సంబంధించి మరింత స్పష్టత ఇచ్చింది. బహిరంగ స్థలం సరిహద్దు వద్ద అవి ఆ ప్రాంత పరిమితికి 10 డెసిబెళ్లకు మించి గానీ, మొత్తం మీద 75 డెసిబెళ్లకు మించి గానీ మోగరాదు. రెంటిలో ఏది తక్కువైతే అదే వర్తిస్తుంది.

పాఠకులు గమనించవలసిన నిబంధన మరొకటి ఉంది. పరిమితిని 10 డెసిబెళ్లు లేదా అంతకంటే ఎక్కువ దాటినప్పుడే పౌరుడు సంబంధిత అధికారికి ఫిర్యాదు చేయవచ్చని ఏడో నిబంధన చెబుతోంది. రాత్రివేళ ఆంక్షలను ఉల్లంఘిస్తే ఈ 10 డెసిబెళ్ల షరతుతో పని లేదు. అంటే నివాస ప్రాంతంలో పట్టపగలు మోగే మైకుపై ఫిర్యాదు నిలవాలంటే మీటరు కనీసం 65 చూపాలి. అసలు ధ్వని 66 ఉండి, మీటరు ఒకటిన్నర డెసిబెల్ తక్కువ చూపితే 64.5 నమోదవుతుంది. ఫిర్యాదు అక్కడితో సరి. అదే మీటరు ఒకటిన్నర ఎక్కువ చూపితే, 64 దగ్గరే ఉన్న మైకు యజమాని తప్పు చేయకుండానే దోషిగా నిలబడతాడు.

ఒకటిన్నర డెసిబెల్ ఏపాటిది అనుకోవడానికి వీల్లేదు. డెసిబెల్ లెక్క రూపాయి పైసల లెక్క వంటిది కాదు. 3 డెసిబెళ్లు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. 10 పెరిగితే పది రెట్లు. 64కూ 66కూ మధ్య తేడా చూడటానికి రెండే గానీ శక్తిలో దాదాపు 58 శాతం.

పొర పలుచన.. బాధలు మెండు

ధ్వని మీటరుకు ప్రాణం దాని మైక్రోఫోన్. నాణ్యమైన మీటర్లలో అది అరంగుళం వ్యాసం ఉండే కండెన్సర్ మైక్రోఫోన్. కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే లోహపు పొర, దాని వెనుక సుమారు 20 మైక్రాన్ల ఎడంలో మరో లోహపు పలక. వెంట్రుక మందం కూడా లేని ఆ సందులో పొర కదిలే కదలికే విద్యుత్ సంకేతంగా మారుతుంది. ఇలాంటి మైక్రోఫోన్ ఒక పాస్కల్ ధ్వని పీడనానికి సాధారణంగా 50 మిల్లీవోల్టుల సంకేతం ఇస్తుంది. తేమ చేరినా, క్రషర్ల దుమ్ము పట్టినా, చేయి జారి కింద పడినా ఆ సంకేతం మారుతుంది. 50 మిల్లీవోల్టులు 47కు తగ్గితే చాలు, మీటరు అర డెసిబెల్ పైగా తక్కువ చూపడం మొదలుపెడుతుంది. పైకి చూస్తే మీటరులో ఏ లోపమూ కనిపించదు. అంకెలు యథాప్రకారం మెరుస్తూనే ఉంటాయి.

అందుకే క్యాలిబ్రేటర్ అవసరం. ఇది చేతి టార్చిలైటు పరిమాణంలో ఉండే చిన్న పరికరం. ఒక చివర మైక్రోఫోన్ పట్టేంత రంధ్రం ఉంటుంది. మీట నొక్కితే లోపలి చిన్న గదిలో 1000 హెర్ట్జ్ వద్ద కచ్చితంగా 94 డెసిబెళ్ల ధ్వని పుడుతుంది. 94 అన్న అంకె ఊరికే వచ్చింది కాదు. ఒక పాస్కల్ పీడనానికి సమానమైన ధ్వని మట్టం అది. మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో ఇది సుమారు లక్షో వంతు. చెవికి వినిపించే కనిష్ఠ ధ్వనిగా లెక్కలోకి తీసుకునే 20 మైక్రోపాస్కళ్లతో పోలిస్తే 50 వేల రెట్లు. కొన్ని క్యాలిబ్రేటర్లలో 114 డెసిబెళ్ల మట్టం కూడా ఉంటుంది. చుట్టూ రొద ఎక్కువగా ఉన్నప్పుడు అది అక్కరకు వస్తుంది.

సరిచూసే తీరు

పని ఐదు నిమిషాలదే. అయినా తప్పు జరగడానికి అవకాశాలు చాలా. ముందుగా మీటరును, క్యాలిబ్రేటర్‌ను కొలిచే చోటి వాతావరణంలో కొంతసేపు ఉంచాలి. ఏసీ వాహనంలోంచి తీసి, మండుటెండలో నిలబడి వెంటనే మీట నొక్కితే వచ్చే అంకెను నమ్మలేం. బ్యాటరీ నిండుగా ఉండాలి. మైక్రోఫోన్‌పై ఉండే స్పాంజి తొడుగు తీసేయాలి. క్యాలిబ్రేటర్‌ను మైక్రోఫోన్‌పైకి నెమ్మదిగా, సందు లేకుండా దించాలి. విసురుగా తోస్తే లోపలి గాలి ఒత్తిడికే పొర దెబ్బతింటుంది. అంకె కుదురుకునే దాకా ఆగి చూడాలి.

ఇక్కడ చాలా మంది చేసే పొరపాటు ఒకటి ఉంది. మీటరు 93.4 చూపగానే స్క్రూ తిప్పో, మీట నొక్కో 94కు సర్దేస్తారు. సర్దడానికి ముందు ఎంత చూపిందో రాసుకోరు. నిజానికి విలువైన సమాచారం సర్దక ముందు కనిపించిన ఆ 93.4 మాత్రమే. గత కొలత తర్వాత మీటరు ఎంత జరిగిందో చెప్పే ఏకైక సాక్ష్యం అదే. దాన్ని చెరిపేసి 94 అని రాస్తే చిట్టా అందంగా కనిపిస్తుంది. అందులో సమాచారం మాత్రం శూన్యం. నెల నెలా 94, 94, 94 అని మాత్రమే ఉన్న చిట్టా కంటే 93.9, 94.1, 94.0 అని ఉన్న చిట్టాను నమ్మడం మేలు.

మరో మెలిక. బహిరంగ ప్రదేశాల్లో వాడే మైక్రోఫోన్లను ఎదురుగా వచ్చే ధ్వనికి తగ్గట్టు తయారు చేస్తారు. మూసిన చిన్న గదిలో వాటి స్పందన కొద్దిగా తగ్గుతుంది. అందువల్ల 94 ఇచ్చే క్యాలిబ్రేటర్‌తో కొన్ని మీటర్లను 93.8 లేదా 93.85 వద్ద నిలపాలి. ఎంత అన్నది మీటరు తయారీదారు పుస్తకంలో ఉంటుంది. పుస్తకం చూడకుండా 94 వద్ద నిలిపిన వారు ఆ రోజంతా కొలిచే ప్రతి ధ్వనికీ 0.2 డెసిబెల్ అదనంగా కలుపుతున్నట్టే.

మనం ఉన్న ఎత్తు కూడా లెక్కే

క్యాలిబ్రేటర్లలో పిస్టన్‌ఫోన్ అనే పాత రకం ఒకటి ఉంది. చిన్న పిస్టన్లు ముందుకూ వెనక్కూ ఆడి 250 హెర్ట్జ్ వద్ద 124 డెసిబెళ్ల ధ్వనిని పుట్టిస్తాయి. ప్రయోగశాలల్లో దానికి మంచి పేరుంది. అయితే అది పుట్టించే ధ్వని చుట్టూ ఉన్న గాలి పీడనంపై ఆధారపడుతుంది. పరికరంపై రాసిన 124 సముద్ర మట్టానికి, అంటే 1013 హెక్టోపాస్కళ్ల పీడనానికి సంబంధించిన అంకె. సముద్ర మట్టానికి సుమారు అర కిలోమీటరు ఎత్తున ఉన్న హైదరాబాద్ పరిసరాల్లో పీడనం 950 హెక్టోపాస్కళ్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ లెక్కన పిస్టన్‌ఫోన్ ఇక్కడ 0.56 డెసిబెల్ తక్కువ ధ్వని ఇస్తుంది. విశాఖ తీరంలో సరిపోయిన అంకె ఇబ్రహీంపట్నంలో సరిపోదన్న మాట. వెంట వచ్చే చిన్న బారోమీటరు చూసి సవరణ కలుపుకోవాలి. 1000 హెర్ట్జ్ ఎలక్ట్రానిక్ క్యాలిబ్రేటర్లలో చాలా వాటికి ఈ బెడద అంతగా ఉండదు.

పిస్టన్‌ఫోన్ వాడేటప్పుడు మీటరును ఎ-వెయిటింగ్‌పై ఉంచితే అది 124కు బదులు 115.4 చూపుతుంది. మనిషి చెవి తీరును అనుకరించే ఎ-వెయిటింగ్ 250 హెర్ట్జ్ వద్ద 8.6 డెసిబెళ్లు కోసేస్తుంది. 1000 హెర్ట్జ్ వద్ద ఆ కోత సున్నా. క్యాలిబ్రేటర్లు ఎక్కువగా ఆ పౌనఃపున్యాన్నే వాడటానికి కారణం అదే.

ఈ కోత సామాన్యుడి అనుభవానికీ సంబంధించినదే. డీజే బేస్ స్పీకర్ల దెబ్బకు కిటికీ అద్దాలు అదిరినా, గుండెలు దడదడలాడినా మీటరులో అంకె అంతగా పెరగకపోవడం చూసి జనం విస్తుపోతుంటారు. 63 హెర్ట్జ్ వద్ద ఎ-వెయిటింగ్ 26.2 డెసిబెళ్లు తగ్గించి చూపుతుంది. ఇది మీటరు తప్పు కాదు. నిబంధనలు ఎంచుకున్న కొలమానమే అలాంటిది. ఆ కొలమానం డీజేల కాలానికి తగినదా అన్నది వేరే చర్చ.

అరగంట పరీక్ష

ఒక్క క్షణం సరైన అంకె చూపడం ఒక ఎత్తు. అదే అంకె మీద నిలకడగా ఉండటం మరో ఎత్తు. ధ్వని మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61672. మన దేశంలో ఐఎస్ 15575 పేరిట దాన్ని స్వీకరించారు. అంతర్జాతీయ ప్రమాణానికి 2013లో వచ్చిన కూర్పు నిలకడకు రెండు పరీక్షలు పెట్టింది. మొదటి దానిలో మీటరును సుమారు అరగంట ఆపకుండా నడిపి, 1000 హెర్ట్జ్ స్థిర సంకేతాన్ని మొదట్లోనూ చివర్లోనూ ఇచ్చి చూస్తారు. రెండు అంకెల మధ్య తేడా మొదటి శ్రేణి మీటరుకు 0.1, రెండో శ్రేణికి 0.3 డెసిబెల్ దాటరాదు. రెండోదానిలో మీటరు కొలవగల గరిష్ఠ మట్టానికి చేరువలో ఉన్న భారీ సంకేతాన్ని ఐదు నిమిషాల పాటు ఇస్తారు. ఇక్కడా అవే పరిమితులు. స్పీకర్ల గోడ పక్కన నిలబడి కొలవాల్సిన మీటరుకు ఈ రెండో పరీక్ష ఎంత అవసరమో చెప్పనక్కర్లేదు.

ఉష్ణోగ్రత సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. మొదటి శ్రేణి మీటరు పనితీరుకు మైనస్ 10 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వరకు హామీ ఉంది. తక్కువ ధరకు దొరికే రెండో శ్రేణికి సున్నా నుంచి 40 డిగ్రీల వరకే. మే నెలలో రంగారెడ్డి జిల్లా ఎండలు 40 దాటడం కొత్త కాదు. పెళ్లిళ్లు ముమ్మరంగా జరిగేదీ ఆ రోజుల్లోనే. జీపు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన మీటరు ఎంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. ఆ స్థితిలో అది చూపే అంకెకు తయారీదారు కూడా పూచీ పడడు.

క్యాలిబ్రేటర్‌తో సరిచూసుకున్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. అది ఒకే పౌనఃపున్యం, ఒకే మట్టం వద్ద జరిగే తనిఖీ. 94 వద్ద సరిగ్గా ఉన్న మీటరు రాత్రివేళ 45 వద్ద తప్పవచ్చు. 1000 హెర్ట్జ్ వద్ద బాగున్న మైక్రోఫోన్ కీచు ధ్వనుల వద్ద మందగించవచ్చు. అసలు రెండో శ్రేణి మీటరుకు 1000 హెర్ట్జ్ వద్ద ఒక డెసిబెల్, 8000 హెర్ట్జ్ వద్ద 5 డెసిబెళ్ల దాకా తేడాను ప్రమాణమే అనుమతిస్తోంది. ఈ లోపాలు బయటపడాలంటే ప్రయోగశాల పరీక్షే దిక్కు. పరిసర ధ్వని కొలతల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 1996 ప్రకారం క్యాలిబ్రేటర్‌ను ఏడాదికోసారి, మీటరును రెండేళ్లకోసారి ప్రయోగశాలకు పంపాలి. మీటరు కంటే క్యాలిబ్రేటర్‌కే గడువు తక్కువ. తూకం రాయే అరిగిపోతే కాటాను ఎన్నిసార్లు సరిచూసి ఏం లాభం?

గొలుసు ఢిల్లీ దాకా

ఆ ప్రయోగశాలకు కొలతలో నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాల తన ప్రామాణిక మైక్రోఫోన్‌ను మరింత ఉన్నతమైన దానితో సరిచూసుకుంటుంది. ఆ గొలుసు చివర న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంటుంది. అక్కడ పద్ధతి విచిత్రంగా ఉంటుంది. కండెన్సర్ మైక్రోఫోన్ ధ్వనిని విద్యుత్తుగా మార్చినట్టే విద్యుత్తును ధ్వనిగానూ మార్చగలదు. మూడు మైక్రోఫోన్లను తీసుకుని జంటలు జంటలుగా ఎదురెదురు నిలిపి, ఒకటి పలుకుతుంటే మరొకటి వినేలా చేస్తారు. మూడు జంటల కొలతల నుంచి మూడింటి స్పందననూ లెక్కగడతారు. తెలిసిన ధ్వని ఏదీ ముందుగా లేకుండానే, కేవలం వోల్టులు, పొడవులు, గాలి పీడనం వంటి రాశులతో ధ్వని కొలమానం సిద్ధమవుతుంది. ఇబ్రహీంపట్నం చౌరస్తాలో చూపే 65కు అసలు వేరు అక్కడ ఉండాలి. మధ్యలో ఒక్క కొక్కెం తెగినా, గడువు దాటిన ధ్రువపత్రం రూపంలో అయినా సరే, ఆ అంకెకు ఆధారం పోయినట్టే.

ఇలాంటి క్రమశిక్షణ ఈ మండలానికి కొత్తదేమీ కాదు. ఆదిభట్లలో హెలికాప్టర్ క్యాబిన్లు, విమానాల తోక భాగాలు తయారయ్యే కర్మాగారాలున్నాయి. విమాన పరిశ్రమలో చేతిలోని స్పానరు మీద కూడా క్యాలిబ్రేషన్ గడువు చీటీ ఉండాల్సిందే. గడువు దాటిన పనిముట్టుతో బిగించిన బోల్టును లెక్కలోకి తీసుకోరు. మంగళ్‌పల్లి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలల ఎలక్ట్రానిక్స్ విద్యార్థులకు ఈ విషయం పాఠంలో భాగం. వారి చేత మండలంలోని ధ్వని కొలతలు, చిట్టాలు రాయిస్తే ప్రాజెక్టు పనికి ప్రాజెక్టు, ఊరికి ఉపకారం అవుతాయి.

ఈ చేతి మీటరుపై ఇంతగా ఆధారపడటానికి కారణం ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ఏడు మహానగరాల్లో నిరంతర ధ్వని పర్యవేక్షణ కేంద్రాలను ప్రారంభించింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. అబిడ్స్, పంజాగుట్ట, జీడిమెట్ల, జూపార్కు వంటి చోట్ల యంత్రాలు రాత్రింబవళ్లు లెక్క రాస్తుంటాయి. నగరం కోసం వేసిన ఆ వలయంతో ఇబ్రహీంపట్నానికి ఒరిగేది లేదు. ఇక్కడ ఆ పూట వచ్చిన అధికారి చేతిలోని మీటరే సాక్షి.

సెల్‌ఫోన్ యాప్ చూపిన అంకెతో ఫిర్యాదు రాసేవారూ పెరిగారు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ ఎన్‌ఐఓఎస్‌హెచ్ 2017లో ఐఫోన్ల కోసం ఇలాంటి యాప్ విడుదల చేసింది. బాగా పరీక్షించిన ఆ యాప్‌కే రెండు డెసిబెళ్ల అటూ ఇటూ తేడా ఉంటుంది. మార్కెట్లో ఉన్న రకరకాల ఫోన్లలో ఒక్కో మైక్రోఫోన్ ఒక్కో తీరు. హోరు ఎక్కువగా ఉందని గ్రహించి అధికారులను పిలవడానికి యాప్ చాలు. సాక్ష్యంగా మాత్రం చెల్లదు.

ముందూ వెనకా

కొలత మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక మరోసారి క్యాలిబ్రేటర్ పెట్టి చూడాలి. ఈ రెండింటి మధ్య తేడా 0.5 డెసిబెల్ దాటితే ఆ మధ్యలో తీసిన కొలతలన్నీ వదిలేయాలని ఐఎస్ఓ ప్రమాణం స్పష్టంగా చెబుతోంది. ఉదాహరణకు రాత్రి 10.15కు మీటరు 94.0 చూపింది. మధ్యలో 11.40 వరకు కొలతలు తీశారు. చివర్లో చూస్తే 93.3 వచ్చింది. తేడా 0.7. సగటు తీసి సర్దుకోవడానికి వీల్లేదు. మీటరు ఏ నిమిషంలో జరిగిందో తెలియదు గనుక ఏ కొలత మంచిదో, ఏది చెడ్డదో వేరు చేయలేం. మళ్లీ కొలుద్దామంటే పెళ్లి అయిపోయి ఉంటుంది. డీజే వాహనం మరో ఊరి దారి పట్టి ఉంటుంది. కొలత మధ్యలో విరామం వచ్చినప్పుడల్లా సరిచూసుకుంటే రాత్రంతా పోకుండా ఒక గంట కొలతలతోనే నష్టం ఆగుతుంది. మీటరు పట్టుకున్న సిబ్బందికి అర్ధరాత్రి ఈ ఓపిక ఉండటం కష్టమే. అయినా దీనికి దగ్గర దారి లేదు.

కొలత కాగితంలో ఏముండాలో ఫిర్యాదుదారుకు తెలిసి ఉండటం మంచిది. మీటరు శ్రేణి, దాని క్రమసంఖ్య, క్యాలిబ్రేటర్ క్రమసంఖ్య, రెండింటి ధ్రువపత్రాల తేదీలు, సర్దక ముందు మీటరు చూపిన అంకె, ముగిశాక చూపిన అంకె, కొలిచిన వ్యవధి, స్పాంజి తొడుగు వాడారా లేదా, గాలి వేగం, చుట్టూ ఉన్న ఇతర రొద. ఈ వివరాలు కాగితంలో లేకుంటే సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. డీజే నిర్వాహకుడికీ ఇదే హక్కు ఉంది. తనపై నమోదైన 66 ఏ మీటరుదో, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో అతడూ అడగవచ్చు.